సొంత కాలేజీకి కోచ్‌గా: ఫ్రాస్ట్, హార్బా

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఇద్దరూ ఒకప్పటి స్టార్ క్వార్టర్‌బ్యాక్‌లే (జట్టు దాడిని నడిపించే ఆటగాళ్లు). ఇద్దరినీ వాళ్లు చదివిన కాలేజీలే నెత్తిన పెట్టుకుని కోచ్‌లుగా తెచ్చుకున్నాయి.

నెబ్రాస్కా యూనివర్సిటీలో కోచ్‌గా స్కాట్ ఫ్రాస్ట్ 16 మ్యాచ్‌లు గెలిచి 31 ఓడాడు. 2021లో తొమ్మిది ఓటములూ పది పాయింట్ల లోపు తేడాతోనే! 2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌పై 28-17తో ముందుండి కూడా ఆన్‌సైడ్ కిక్ (బంతి మళ్లీ తమకే దక్కాలని దగ్గరగా కొట్టే కిక్) కొట్టించాడు. ఆ తెగింపు ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. బంతి అవతలివాళ్లకు చిక్కింది, 31-28తో మ్యాచ్ పోయింది. రెండు వారాల్లో ఉద్యోగమూ ఊడింది.

మిషిగన్ యూనివర్సిటీలో జిమ్ హార్బా కూడా 2020లో రెండే గెలిచి నాలుగు ఓడి చతికిలపడ్డాడు. జీతాల కోత, అసిస్టెంట్ల మార్పు ఇద్దరికీ తప్పలేదు. హార్బా మాత్రం 2023 సీజన్‌లో 15కి 15 గెలిచి జాతీయ టైటిల్ కొట్టాడు, సైగల చోరీ వివాదం (ప్రత్యర్థి కోచ్‌ల సైగలను అక్రమంగా కనిపెట్టారన్న ఆరోపణ) వెంటాడుతున్నా సరే. నన్నడిగితే తేడా అనుభవంలో ఉంది: ఫ్రాస్ట్ అంతకుముందు హెడ్ కోచ్‌గా చేసింది రెండేళ్లే, హార్బా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టును నిలబెట్టి, ప్రొఫెషనల్ జట్టు 49ఎర్స్‌ను ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లి వచ్చినవాడు.