నల్లగొండ లేడీస్ హార్మోన్ క్యాంపులో పౌడరు అంటగడుతున్నారు, జాగ్రత్త

క్లాక్ టవర్ దిక్కు ఒక హాల్లో పెట్టిన క్యాంపుకు మా అక్క తన బిడ్డను తీసుకుపోయింది. పిల్లకు పంతొమ్మిదేళ్లు, పీరియడ్స్ నెలన్నరకోసారి వస్తున్నాయి. 1,500 కట్టించుకుని అప్పటికప్పుడే రక్తం తీశారు. ఆ రోజు పీరియడ్స్ మూడో రోజని అమ్మాయి చెప్పినా పట్టించుకోలేదు. రిపోర్టులో ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ 0.4 అని ఉన్నచోట ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "హార్మోన్ మొత్తం పడిపోయిందమ్మా, ఇట్లనే వదిలేస్తే రేపు పెండ్లయినంక పిల్లలు కష్టం" అన్నారు. అంత మాటంటే ఏ తల్లికి టెన్షన్ రాదు? హార్మోన్లన్నీ పెంచుతుందని చెప్పి మూడు నెలల పౌడరుకు 4,800 తీసుకున్నారు. బిల్లు లేదు. డబ్బా మీద లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు కూడా లేవు.

అసలు మూడో రోజున ప్రొజెస్టరాన్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ 1 లోపే ఉంటుంది. అప్పుడు పని చేసే హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్. మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చి, అండాశయంలో అండం ఉన్న తిత్తిని పెంచుతుంది. ఆ తిత్తి వదిలే ఈస్ట్రోజన్‌తో గర్భాశయం లోపలి పొర మందమవుతుంది. ఈస్ట్రోజన్ బాగా పెరిగాక, పిట్యూటరీ నుంచే వచ్చే ఇంకో హార్మోన్ ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగిసి, ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ప్రొజెస్టరాన్ జోరుగా తయారయ్యేది ఆ తర్వాతే, ఖాళీ అయిన తిత్తి నుంచి. గర్భం రాకపోతే దాదాపు రెండు వారాలకు అది పడిపోతుంది, పొర ఊడి మళ్లీ పీరియడ్స్ వస్తాయి. అంటే ఒక్కో హార్మోన్ దాని సమయంలో పెరిగి, తగ్గుతుంది. అన్నింటినీ కలిపి పెంచేస్తామనే పౌడరు ఏం చేస్తుందో వాళ్లకే తెలియాలి.

రిపోర్టులోనే ఫాలిక్యులర్ (అండం విడుదలకు ముందు), లూటియల్ (విడుదలయ్యాక) అని రెండు వరుసల్లో వేర్వేరు అంకెలు అచ్చయి ఉన్నాయి. మొదటి వరుసతో చూస్తే అమ్మాయిది నార్మల్. వాళ్లు రెండోదానితో పోల్చి భయపెట్టారు. ఇంకో సంగతి, అదే కాగితంలో, థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ 9 దాటి ఉంది. దానికి సున్నా చుట్టలేదు! థైరాయిడ్ మందగిస్తే నెలసరి తప్పుతుందని గైనిక్ డాక్టరమ్మ చూడగానే చెప్పింది, పౌడరు ఆపించింది, మందు రాసింది.

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ మామూలుగా పీరియడ్స్ రెండో, మూడో రోజున చూస్తారు. ప్రొజెస్టరాన్‌ను పీరియడ్స్ రావాల్సిన తేదీకి వారం ముందు చూడాలి. థైరాయిడ్‌కు ఏ రోజైనా ఫర్వాలేదు. "ఎన్నో రోజు?" అని అడగకుండా సూది పట్టుకునే చోట రక్తం ఇవ్వకండి. డబ్బులు తిరిగి అడుగుదామంటే ఫోన్ ఎత్తడం లేదు. తర్వాత దేవరకొండ, మిర్యాలగూడ అని అక్కతో అన్నారట, అటువైపు వాళ్లు చూసుకోండి.