గంటసేపు సాగే సంగీతానికి ఏది మేలు: స్ట్రీమింగా, డౌన్‌లోడా, ఎల్‌పీనా?

మా మేనల్లుడు ఉద్యోగం కోసం హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి, కె.ఆర్. పురంలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. మొన్నొక రోజు నేను ఫోన్‌లో కార్డు నంబరు కొడుతుంటే పక్కనుంచి చూసి, "నెలనెలా పాటల స్ట్రీమింగ్ యాప్‌కి డబ్బు కడుతున్నావు కదా మామా, అందులో ఉన్న ఆల్బమ్‌నే మళ్ళీ కొనడం ఎందుకు?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. సినిమా పాటలకైతే యాప్ చాలు, రెండో మాట లేదు. యాంబియంట్ (గదిలో వాతావరణంలా మెల్లగా పరుచుకునే సంగీతం), డ్రోన్, ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం దగ్గరికొచ్చేసరికి మాత్రం లెక్క మారుతుంది.

పెళ్ళిలో నాదస్వరం విన్నవాళ్ళకి ఒత్తు తెలుసు. సన్నాయి ఆగినా ఆ ఒక్క స్వరం ఆగదు. పాటను పక్కకు తీసేసి, ఆ ఒత్తునే ముందుకు తెచ్చి, అది మెల్లగా రంగు మారడాన్నే గంటసేపు వినిపిస్తే దాన్ని డ్రోన్ అనుకోవచ్చు. స్వరకర్త కాలీ మలోన్ 2023 జనవరిలో విడుదల చేసిన 'డజ్ స్ప్రింగ్ హైడ్ ఇట్స్ జాయ్' ఆ కోవలోదే. సైన్ వేవ్ ఆసిలేటర్లు (కరెంటుతో ఒక్క శుద్ధ స్వరాన్ని పుట్టించే పరికరాలు) ఆమెవి, సెల్లో లూసీ రెయిల్టన్‌ది, ఎలక్ట్రిక్ గిటార్ స్టీఫెన్ ఓమాలీది. ఒకే రచనను వేర్వేరుగా వాయించారు, ఒక్కో రూపం దాదాపు గంట. మొదట్లో ఏమీ జరగడం లేదనిపిస్తుంది. చెవి కుదురుకున్నాక, దగ్గర దగ్గరగా ఉన్న రెండు స్వరాల మధ్య ఒక అల కొట్టుకోవడం తెలుస్తుంది. తంబురా శ్రుతి చేసేటప్పుడు, తీగలు కలిసే ముందు వినిపించే కదలిక లాంటిది అది. ఈ సంగీతంలో నాకు ప్రాణం లేచొచ్చే చోటు అదే. కాబట్టి దాన్ని ఏ రూపంలో వింటే చెడిపోకుండా దక్కుతుందన్నదే నాకు ముఖ్యం.

స్ట్రీమింగ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే కొత్తవి పరిచయమయ్యేది అక్కడే. ఎక్కడో చిన్న ఊళ్ళో ఒకరు ఇంట్లో చేసుకున్న రికార్డింగ్ శుక్రవారం విడుదలైతే, మనం టిన్ ఫ్యాక్టరీ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని కూడా వినగలుగుతున్నాం. ఇది చిన్న వరం కాదు. క్వాలిటీ తక్కువన్న పాత ఫిర్యాదుకు కూడా ఇప్పుడు పెద్దగా పస లేదు. ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచే అదనపు డబ్బు అడక్కుండా లాస్‌లెస్, అంటే కుదింపులో శబ్దం ఏమీ పోని రూపం, ఇస్తోంది. కాకపోతే మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ ఆ శబ్దాన్ని మళ్ళీ కుదించాకే చెవికి చేరుస్తాయి. వైరు పెట్టుకుంటేనే తేడా దక్కుతుంది.

నాకు యాప్‌తో ఇబ్బంది చివర్లో వస్తుంది. గంట సేపు సాగిన స్వరం సన్నబడి సన్నబడి గదిలోని నిశ్శబ్దంలో కలిసిపోయే ఘట్టం ఉంటుంది చూశారా, సరిగ్గా అప్పుడే ఆటోప్లే ఏదో డ్రమ్ బీట్‌ను ఎత్తుకుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆపేశాను. ఫోన్ మార్చినప్పుడు మళ్ళీ దానంతటదే ఆన్ అయింది. ఇంకోసారి, నేను చాలాకాలం విన్న ఒక ఆల్బమ్ నా లిస్టులోనే బూడిద రంగులోకి మారిపోయింది. నొక్కితే పలకదు. ఎందుకు తీసేశారో, మళ్ళీ వస్తుందో రాదో చెప్పేవాళ్ళు లేరు.

అంతకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది డబ్బు లెక్క. స్పాటిఫైలో ఒక ముక్కను 30 సెకన్లు వింటే ఒక స్ట్రీమ్ కింద లెక్క. రెండు నిమిషాల పాటకూ ఒకటే, అరవై నిమిషాల డ్రోన్‌కూ ఒకటే. పైగా 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు రాని ట్రాక్‌కు అక్కడ రికార్డింగ్ రాయల్టీ రాదు. మూడు నిమిషాల పాట చేసేవాళ్ళకు ఇది దాటదగ్గ గీతే కావచ్చు. ప్రపంచం మొత్తం మీద కొన్ని వందల మంది శ్రద్ధగా వినే సంగీతానికి మాత్రం ఇది గోడ. ఇలాంటి లెక్క ఉన్నచోట పొడుగు రచనను ముక్కలు చేసి పెట్టాలన్న ఒత్తిడి కళాకారుల మీద పడకుండా ఎలా ఉంటుంది?

డౌన్‌లోడ్ విషయంలో నేను పక్షపాతినే. 2008లో మొదలైన, సంగీతం అమ్మే సైటు బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకం మీద సంస్థ తీసుకునే వాటా 15 శాతం. చెల్లింపు ఖర్చులు పోగా మిగతాది కళాకారుడికో, లేబుల్‌కో వెళ్తుంది. 2020 మార్చిలో కోవిడ్ వల్ల కచేరీలు ఆగిపోయినప్పుడు, ఒక శుక్రవారం తన వాటా వదులుకుంది. తర్వాత అది ఎంపిక చేసిన శుక్రవారాల్లో ఆనవాయితీ అయింది. కొనాలనుకున్నవన్నీ ఒక జాబితా రాసిపెట్టుకుని ఆ రోజే కొంటాను.

కొన్నాక లాస్‌లెస్ రకమైన ఫ్లాక్ ఫైలు దింపుకోండి, ఎంపీ3 వద్దు. ఎంపీ3 తయారీలో ఫైలు మొదట్లో, చివర్లో కొద్దిపాటి ఖాళీ చేరుతుంది. ఒకదాంట్లోంచి ఒకటి పారే ట్రాక్‌ల మధ్య కొన్ని ప్లేయర్లలో అది చిన్న తెగుడులా వినిపిస్తుంది. సినిమా పాటల మధ్య ఎవరికీ పట్టదు గానీ, ఆగని స్వరంలో అది చెప్పులో రాయి. ఫ్లాక్‌లో ఆ బాధ లేదు. గంట సంగీతం సీడీ క్వాలిటీలో కుదించకుండా అయితే 600 ఎంబీ దాటుతుంది, ఫ్లాక్‌లో దాదాపు సగానికి వస్తుంది. కష్టాలూ ఉన్నాయి. బ్యాంక్ యాప్‌లో కార్డుకు ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేయాలి, విదేశీ మారకం చార్జీ పడుతుంది. హార్డ్‌డిస్క్ పాడైతే బాధ్యత మనదే. నేను రెండు చోట్ల దాచుకుంటాను.

ఎల్‌పీ, అంటే సూదితో పలికే పెద్ద రికార్డు, దాని అందం కాదనను. అయితే నిమిషానికి దాదాపు 33 చుట్లు తిరిగే ఎల్‌పీలో ఒక్కో వైపు బాగా పలికేది ఇరవై నిమిషాల చుట్టుపక్కలే. గంట ప్రవాహాన్ని రెండు సార్లు తెంపి, లేచి తిరగేసి వినాలి. యాంబియంట్ సంగీతకారుడు బ్రయన్ ఈనో 1985లో 61 నిమిషాల ఒకే ముక్కగా 'థర్స్‌డే ఆఫ్టర్‌నూన్' చేయగలిగింది తిరగేయనక్కర్లేని సీడీ వచ్చింది కాబట్టే. పైగా మెత్తటి శబ్దాల కింద సూది చిటపటలు బాగా తెలుస్తాయి. యూరప్ నుంచి తెప్పించుకుంటే పోస్టేజీ ఒక్కోసారి రికార్డు ధరతో పోటీ పడుతుంది, కస్టమ్స్ వేరే.

చిన్న ముక్కల ఆల్బమ్ అయితే మాత్రం నా ఓటు ఎల్‌పీకే. 2023లో వచ్చిన 'ది ఎన్ఐడీ టేప్స్' తీసుకోండి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో (కరెంటుతో శబ్దాలు పుట్టించే వాయిద్యం) స్టూడియో ఏర్పాటు చేశారు. గీతా సారాభాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా లాంటివాళ్ళు 1972 వరకు అక్కడ చేసిన పనిని, దశాబ్దాల తర్వాత సంగీతకారుడు పాల్ పర్గస్ అక్కడి టేపుల్లోంచి వెలికి తీశారు. మన దేశపు ఎలక్ట్రానిక్ సంగీతానికి అంత పాత చరిత్ర ఉందని చేత్తో పట్టుకుని చూసుకోవాలనిపిస్తుంది. అట్ట తిప్పుతూ, పేర్లు చదువుతూ వినాల్సిన సంగీతం అది.

ఇదంతా చెప్పాక మావాడు, "సరే మామా, ఆ గంటది పెట్టు" అన్నాడు. ఆదివారం రాత్రి, సన్నగా వాన. హెడ్‌ఫోన్స్ కాకుండా రెండు స్పీకర్లలో, మాట్లాడుకునే గొంతు కంటే తక్కువ వాల్యూమ్‌లో పెట్టాను. సగంలో కింద వాటర్ ట్యాంకర్ వచ్చి మోటారు వేశారు. కొంతసేపు దాని హోరు సెల్లో కింద అలా కూర్చుంది. "ఇది పాటలోదా, బయటదా?" అని అడిగాడు వాడు. మోటారు ఆగాక గానీ వాడికి తేడా తెలియలేదు. తర్వాత ఆ స్వరం కూడా సన్నబడి ఆగింది. ఫైలు అయిపోయింది, ఇంకో పాట మొదలు కాలేదు. వాన శబ్దం మాత్రం ఉంది. వాడు చాలాసేపు లేవలేదు.