ఒక్కటే కొనగలిగితే: నవలా, ఆత్మకథా?

జనవరిలో బెజవాడ పుస్తకాల పండగకి మా చెల్లెలి కూతురిని తీసుకెళ్లాను. డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. రెండు గంటలు తిరిగి, అప్పటికే కొన్ని కొనేసి, చివరికి ఒక స్టాల్ ముందు చెరో చేతిలో ఒక పుస్తకం పట్టుకుని నిలబడిపోయింది. ఒకటి బండి నారాయణస్వామి నవల ‘శప్తభూమి’. రెండోది కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’. “పెద్దమ్మా, ఒక్కదానికే డబ్బులున్నాయి. ఏది తీసుకోను?” అంది.

వెంటనే చెప్పలేకపోయాను. ఏలూరు రోడ్డు షాపుల్లో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల్లో ముప్పై ఏళ్లుగా వెతికి వెతికి కొన్నవాటిలో ఎక్కువ భాగం నవలలే. ఈ పదేళ్లలోనే నా అరలో ఆత్మకథలు పెరుగుతూ వచ్చాయి. అలా ఎందుకు జరిగిందో ఆ రోజు అక్కడే నిలబడి దానికి చెప్పాల్సి వచ్చింది.

ముందు నవల సంగతి. ‘శప్తభూమి’కి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 18వ శతాబ్దపు అనంతపురం సీమ కథ ఇది. ఆ కాలపు పాలకుల పేర్లు శాసనాల్లో, ఊళ్ల చరిత్రలు రాసిపెట్టిన కైఫీయతుల్లో దొరుకుతాయి. ఊరి బయట పుట్టి, కరువుకి కట్టుబట్టలతో వలసపోయిన మనిషి తన కథ ఎక్కడ రాసుకుంటాడు? అక్షరం రాదు, రాసినా దాచేవాళ్లు లేరు. అలాంటి వాళ్ల ఆకలీ పౌరుషమూ మన దాకా రావాలంటే నవలాకారుడే తేవాలి. ఆత్మకథకి ఒక షరతు ఉంది: మనిషి బతికి ఉండాలి, రాయడం రావాలి, అచ్చువేసేవాళ్లు దొరకాలి. ఆ షరతు దాటలేని కోట్ల మందికి నవలే దిక్కు. ఈ ఒక్క విషయంలో నవలకి పోటీ లేదు. అనంతపురం మాట మన కృష్ణా జిల్లా చెవికి కొత్త కాబట్టి మొదటి యాభై పేజీలు నిదానంగా చదవాలి. తర్వాత ఆ భాషే మనల్ని లాక్కుపోతుంది.

ఇక ‘నిర్జన వారధి’. కోటేశ్వరమ్మగారిది మన పామర్రు. 1918లో పుట్టారు. ఊహ తెలియని వయసులో పెళ్లి, ఊహ తెలియక ముందే వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో మళ్లీ పెళ్లి, కమ్యూనిస్టు పార్టీ, పాటలు, అజ్ఞాతవాసం. కొన్నేళ్లకి ఆయన ఆమెను విడిచి వెళ్లిపోయారు. ముప్పై దాటాక ఆమె మళ్లీ పుస్తకం పట్టి చదువుకుని, కాకినాడలో అమ్మాయిల హాస్టల్‌కి మేట్రన్‌గా పనిచేశారు. కొడుకు ఉద్యమంలోకి వెళ్లి తిరిగి రాలేదు. అల్లుడు వడదెబ్బకి పోతే, ఆ దుఃఖం తట్టుకోలేక కూతురూ పోయింది. ఇవన్నీ మోసి, తొంభై దాటాక 2012లో ఈ పుస్తకం తెచ్చారు. నూరేళ్లు బతికి 2018లో కన్నుమూశారు.

ఇంత జీవితాన్ని ఒక నవలలో పెడితే, ఒక మనిషికి ఇన్ని కష్టాలు పెట్టాడేమిటని రచయితనే తప్పుపడతాం. ఇక్కడ ఆ మాట అనడానికి నోరు రాదు. ఆమె గొంతు పెంచరు. నిందించగల చోట కూడా తగ్గి మాట్లాడతారు. ఆ తగ్గడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అయితే లోటు కూడా అక్కడే ఉంది. సీతారామయ్య మనసులో ఏం జరిగిందో ఈ పుస్తకం చెప్పదు. చెప్పలేదు కూడా, ఎందుకంటే ఆత్మకథ రాసేవాళ్లు తమ కళ్లతో చూసిందే చెప్పగలరు. వదిలి వెళ్లినవాడి గుండెలోకి దూరాలంటే మళ్లీ నవలే కావాలి.

ఒకే రచయిత రెండూ రాస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అరుంధతీ రాయ్ 1997లో ‘ది గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ రాశారు. 2025లో తల్లి మేరీ రాయ్ గురించి ‘మదర్ మేరీ కమ్స్ టు మీ’ రాశారు. నవలలోని తల్లి అమ్ము ముప్పై ఒకటో ఏటే చనిపోతుంది. చదివి ఏడ్చాం, ప్రేమించాం. అసలు తల్లి 2022 దాకా బతికారు. సిరియన్ క్రైస్తవ స్త్రీల ఆస్తి హక్కు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1986లో గెలిచారు, కొట్టాయంలో బడి నడిపారు, సొంత పిల్లల చేత కూడా బడిలో ‘మిసెస్ రాయ్’ అనే పిలిపించుకున్నారు. చిన్న వయసులో పోయిన తల్లిని ప్రేమించడం తేలిక. పెద్దదై, కసిరి, గాయపరిచి, అయినా గొప్పదిగా నిలిచిన తల్లిని ప్రేమించడం కష్టం. ఆ కష్టమంతా రెండో పుస్తకంలోనే ఉంది. భాష అందం చూస్తే నవలే ముందుంటుంది. అమ్మతో నాకున్న లెక్కలు తేల్చుకోవడానికి మాత్రం ఆత్మకథే పనికొచ్చింది.

రెండింటికీ మధ్యలో ఇంకోటి ఉంది, అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’. పేరుకి నవల, చదువుతుంటే చిన్ననాటి జ్ఞాపకాల మూట. చేపల చెరువులు మింగేయక ముందు కొల్లేరు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే చదవండి. ఆత్మకథ చదవడం బరువనిపించేవాళ్లు దీనితో మొదలుపెట్టవచ్చు.

నా మొగ్గు ఎటో చెప్పేముందు మా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా అత్తగారికి శుక్లాలొచ్చి చదవడం కుదరనప్పుడు మధ్యాహ్నాలు నేను చదివి వినిపించేదాన్ని. నవలలు చాలా విన్నారు. “పాపం” అనేవారు, “బాగా రాశాడమ్మా” అనేవారు, నిద్రపోయేవారు. ‘నిర్జన వారధి’ మొదలుపెట్టిన రెండో రోజే చెయ్యి పట్టుకుని ఆపారు. తొమ్మిదేళ్లకే భర్త పోయి, జీవితమంతా వెనక గదిలో గడిపిన తన మేనత్త గురించి గంటసేపు చెప్పారు. నలభై ఏళ్ల కాపురంలో ఆ మేనత్త పేరు నేను వినలేదు. మా ఆయనకీ తెలియదు.

అందుకే ఆత్మకథే ముందు కొనమన్నాను. నవల నన్ను ఇంకొకరి లోపలికి తీసుకెళ్తుంది. ఆత్మకథ నా పక్కన కూర్చున్న మనిషి నోరు విప్పిస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా ఉండగానే జరగాల్సిన పని అది. నవలలు ఎక్కడికీ పోవు, తర్వాతైనా చదువుకోవచ్చు.

‘నిర్జన వారధి’ కొనుక్కుంది. ‘శప్తభూమి’ నా అరలోది ఇచ్చాను, పరీక్షలయ్యాక చదువుతానంది. కొన్నది మాత్రం వాళ్ల నానమ్మకి రోజూ రాత్రి చదివి వినిపిస్తోంది. ఆవిడది గుడివాడ వైపు ఊరు. పది రోజులైనా నలభై పేజీలు దాటలేదట. ప్రతి పేజీకీ నానమ్మ ఆపి ఏదో ఒకటి చెబుతూనే ఉందట.