రెడ్ డాట్ కింద ప్లేట్: డబ్బాలోది చాలా, వేరేది కొనాలా, స్లైడ్ కోయించాలా?

నా పిస్టల్ మీద రెడ్ డాట్ ఉంది, అంటే గురి చూడడానికి అద్దంలో ఎర్ర చుక్క చూపించే చిన్న సైట్. పోయిన నెల షూటింగ్ రేంజిలో 15 గజాల దూరం నుంచి కొడుతుంటే బుల్లెట్లన్నీ ఎడమకు పడుతున్నాయి. నా చేతిదే తప్పనుకుని రెండు మ్యాగజీన్లు వృథా చేశాను. చివరికి డాట్‌ను వేలితో కదిపితే కదిలింది. ఇంటికొచ్చి విప్పితే స్క్రూల నిండా నూనె! బిగించే రోజు తుడవకుండానే లాక్‌టైట్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) రాసింది నేనే.

ఆ కోపంలో డాట్‌కీ పిస్టల్‌కీ మధ్య ఉండే ప్లేట్ కొత్తది కొనబోయి, కాస్త ఆగి లెక్క చూసుకున్నాను.

నాది గ్లాక్ 19 ఎంఓఎస్ పిస్టల్. ఎంఓఎస్ అంటే డాట్ బిగించుకునేలా గ్లాక్ చేసిన ఏర్పాటు. 2015లో వచ్చిన ఈ పద్ధతిలో స్లైడ్ (పేల్చినప్పుడు వెనక్కీ ముందుకీ కదిలే పై భాగం) పైన ఒక గాడి ఉంటుంది. ఒక్కో కంపెనీ డాట్ అడుగుభాగం ఒక్కోలా ఉంటుంది కాబట్టి మధ్యలో ప్లేట్ కావాలి. ట్రిజికాన్ ఆర్‌ఎంఆర్, హోలోసన్ 507సి లాంటి డాట్లకు 02 నంబరు ప్లేట్ పడుతుంది. తుపాకీతో పాటే వచ్చేది కాబట్టి ఖర్చు లేదు. కానీ అది పలచన, అందుకే స్క్రూ మర పట్టే లోతు తక్కువ. గాడిలో కాస్త సందు ఉంటే పేలిన ప్రతిసారీ ఆ కుదుపు స్క్రూల మీదే పడుతుంది.

విడిగా అమ్మే మంచి స్టీల్ ప్లేట్లు గాడిలో బిగుతుగా కూర్చుంటాయి. వాటి మీది బొడిపెలు డాట్ అడుగునున్న గుంటల్లో దిగి కుదుపును అవే భరిస్తాయి. అసలు లాభం అదే. అల్యూమినియంవి కూడా ఉన్నాయి గానీ, విప్పి బిగించే కొద్దీ మరలు అరిగేది వాటిలోనే ముందు. నేనైతే కొనను.

స్లైడ్‌నే డాట్ కొలతకు కోయిస్తే ప్లేట్ గొడవే ఉండదు. డాట్ కిందికి దిగుతుంది, రెండు స్క్రూలు తగ్గుతాయి. పనితనం బాగుంటే దీన్ని మించింది లేదు. కాకపోతే రేపు వేరే అడుగున్న డాట్ కొంటే చిక్కే. పైగా ఎంఓఎస్ స్లైడ్‌లో లోహం ముందే పోయింది కాబట్టి చాలాసార్లు ఇంకో స్లైడ్ వెతుక్కోవాలి. నాలాంటివాడికి అది దండగ.

మరి స్టీల్ ప్లేటా, ఉన్నదేనా? నా దృష్టిలో తేల్చేది బ్యాటరీ. ఆర్‌ఎంఆర్‌కి బ్యాటరీ అడుగున ఉంటుంది, మార్చాలంటే ప్రతిసారీ డాట్ విప్పాల్సిందే. అది వాడేవాళ్లు, వారం వారం మ్యాచులకు వెళ్లేవాళ్లు స్టీల్ ప్లేట్ కొనుక్కోవడమే మేలు. నా 507సికి బ్యాటరీ పక్క నుంచి వస్తుంది. నెలకోసారి వెళ్లే నేను డబ్బాలో వచ్చిన ప్లేట్‌తోనే ఉండిపోయాను.

ఈసారి మరలన్నీ ఆల్కహాల్‌తో తుడిచి, నీలం లాక్‌టైట్ ఒక్క చుక్క వేసి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించాను. ఆర్‌ఎంఆర్‌కి ట్రిజికాన్ చెప్పేది 12 ఇంచ్-పౌండ్లే, చేతి అంచనాతో అది దాటిపోవడం చాలా తేలిక. స్క్రూ తలల మీద పెయింట్ పెన్నుతో గీత కూడా పెట్టాను, కదిలితే తెలిసిపోతుంది.

ప్లేట్ మార్చేవాళ్లు దానితో వచ్చిన స్క్రూలే వాడండి. గ్లాక్‌లో కుడివైపు స్క్రూ పొడవెక్కువైతే కింద ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం) ప్లంజర్‌కి తగులుతుంది, అది సరిగా బయటికి రాదు.