నల్లగొండలో పాత హెడ్‌లైటు కొన్న అనుభవం: బండికి పెట్టి చూపించి అమ్మే దుకాణం

నార్కట్‌పల్లి నుంచి నల్లగొండకు వస్తుండగా ఒక రాత్రి బర్రె అడ్డం వచ్చి మా స్విఫ్ట్ కారు ఎడమ హెడ్‌లైటు పగిలిపోయింది. తక్కువ ధరకు దొరికే డూప్లికేట్ లైటు ఇంతకుముందు ఒకసారి వేయించి, రెండు వేసవులు గడవకముందే దాని ముందు అద్దం పసుపెక్కడం చూశాను కనుక, ఈసారి వాడినదైనా కంపెనీ లైటే కొనాలనుకున్నాను. చివరికి మిర్యాలగూడ రోడ్డు వైపు ఉన్న ఒక పాత సామాన్ల దుకాణంలో 1,400 రూపాయలకు దొరికింది. ఆ దుకాణం గురించి, అంతకన్నా ఎక్కువగా అక్కడ నేను నేర్చుకున్న పరీక్ష గురించి ఇక్కడ రాస్తున్నాను.

అంతకుముందు ఒక పొరపాటు జరిగింది. వేరే ఊరి దుకాణానికి ఫోను చేస్తే 'ఏ మోడల్?' అని అడిగారు. బండి నంబరు 2011 నవంబరులో వచ్చింది కాబట్టి 2011 అని చెప్పాను. వాళ్ళు పంపిన లైటు ఫెండర్ (ముందు చక్రం పైన ఉండే రేకు) మీదికి పొడవుగా సాగి ఉంది, మా బండికి ఏ మూలా కుదరలేదు. మారుతి సంస్థ 2005లో తెచ్చిన స్విఫ్ట్‌ను 2011 ఆగస్టులో పూర్తిగా మార్చేసింది. మా బండి జూన్‌లోనే తయారై, షోరూంలో నెలల తరబడి ఉండి, నవంబరులో రిజిస్టర్ అయింది. అంటే నేను చెప్పిన సంవత్సరం నిజమే, వచ్చిన లైటు మాత్రం వేరే బండిది. డబ్బు వాపసు ఇవ్వలేదు. ఆర్‌సీలో తయారైన నెల, సంవత్సరం విడిగా ఉంటాయి. పాత లైటు కొనేవారు చూడవలసింది వాటినే గాని రిజిస్ట్రేషన్ తేదీని కాదు.

మిర్యాలగూడ రోడ్డు దుకాణదారు మోడల్ అడగలేదు. "సార్, పాత లైటు విప్పి పట్టుకరాండి, బండి కూడా తేండి. పెట్టి సూసినంకనే పైసలియ్యిండి" అన్నాడు. ఆ ఒక్క మాటతోనే నాకు ఆ దుకాణం మీద నమ్మకం కలిగింది.

పగిలిన లైటును, తన దగ్గరి లైటును బల్ల మీద పక్కపక్కన బోర్లించి, ముందు భాగం చూడకుండా వెనక భాగమే చూడడం మొదలుపెట్టాడు. ముందు అద్దం ఒకేలా ఉన్నా వెనక తేడా ఉండవచ్చునట. బోల్టు బిగించే చెవులు అవే చోట్ల ఉన్నాయా, వైర్లు తగిలించే కప్లర్‌లో పిన్నులు అన్నే ఉన్నాయా, లైటు ఎత్తు సరిచేసే మోటారుకు చోటు ఉందా లేదా, వెనక అంటించిన పార్టు నంబరు కలుస్తోందా అని వరుసగా చూశాడు. మొదట తీసిన లైటుకు ఒక చెవి విరిగితే ఎం-సీల్ పెట్టి అతికించి నల్లరంగు పూశారు. నేనైతే గమనించేవాడిని కాను. అతనే గోటితో గీకి చూపించి, ఇది గుంతల రోడ్డు మీద నెల రోజులు కూడా ఆగదని పక్కన పెట్టేశాడు.

రెండో లైటులో టార్చి వేసి చూపించాడు. లోపలి వెండిపూత బల్బు పైభాగాన గోధుమరంగుకు మాడి ఉంది. మా బండికి వచ్చే హెచ్4 రకం బల్బు 60/55 వాట్లది, అంటే బ్రైట్‌కు 60, డిమ్‌కు 55. ఎక్కువ వెలుతురు కోసం కొందరు 100/90 వాట్ల బల్బు వేస్తారు, ఆ వేడికి పూత మాడుతుంది, హోల్డరు కరుగుతుంది. పైకి అద్దంలా మెరిసే లైటైనా పూత పోయిందంటే రాత్రి దారి కనిపించదు. మూడోది బాగుంది. అంచు వెంబడి వేలు పోనిస్తే జిగురు ఒకే తీరుగా తగిలింది, అంటే ఎవరూ విప్పి మళ్ళీ అతికించలేదన్నమాట. బ్యాటరీకి తగిలించి డిమ్, బ్రైట్, ఇండికేటర్ మూడూ వెలిగించి చూపించాడు.

ఆ తరువాత బంపరు పైఅంచు వదులు చేసి లైటును దాని చోట కూర్చోబెట్టాము. బానెట్ మూసినప్పుడు రెండు వైపులా సందు సమానంగా ఉండడమే అసలైన పరీక్ష. బోల్టు బలవంతంగా లాగి బిగించవలసి వస్తే ఆ లైటు మన బండిది కానట్టే. సాయంత్రం చీకటి పడ్డాక మా ఇంటి గోడకు 25 అడుగుల దూరంలో బండి నిలిపి డిమ్ వేసి చూస్తే, వెలుగు గీత కుడి వైపు సమతలంగా సాగి, ఎడమ వైపు కొంచెం పైకి లేచింది. ఎడమ పక్కన నడిచే మన దేశంలో అలాగే ఉండాలి. కుడి వైపు లేస్తే అది బండి కుడి పక్కన నడిచే దేశాల కోసం చేసిన లైటు. దానితో ఎదురుగా వచ్చే మోటారు సైకిలు మనిషికి కళ్ళు కనిపించవు, అది ఎంత చవకగా వచ్చినా వద్దు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. ఎడమ, కుడి లైట్లు ఒకే అరలో కలిసిపోయి ఉంటాయి, ఏ లైటు మీదా బండి సంవత్సరం రాసి ఉండదు. ఎడమ అంటే డ్రైవరు సీట్లో కూర్చున్నవారి ఎడమ. బండికి ఎదురుగా నిలబడి చెప్పేవారు తారుమారు చేసి తీసుకుపోతారు. నా ముందే ఒకాయన అలా తీసుకుపోయి మళ్ళీ తిరిగి వచ్చాడు. బిల్లు కూడా అడిగితేనే ఇచ్చారు. పాత సామాను కొన్నప్పుడు బిల్లు మన రక్షణ కోసం ఉండాలి గనుక తప్పక అడగండి.

లైటు వెనక రబ్బరు మూత అతని దగ్గర లేదు. మూత లేకుంటే మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది. మా పగిలిన లైటు మూత బాగానే ఉండడంతో దాన్నే తీసి దీనికి తొడిగాడు. మొన్నటి రెండు వానల తరువాత పొద్దున్నే చూశాను, లోపల చెమ్మ లేదు.