కార్బ్ క్లీనర్ స్ప్రే డబ్బా: సర్వీసింగ్ తర్వాత ఆగిపోయే బండికి ఎంత పనికొస్తుంది?

ఇంట్లోనే ఆయిల్ మార్చి, ప్లగ్ తుడిచి, ఎయిర్ ఫిల్టర్ దులిపి, బండి కడిగి ఆరబెట్టారు. కిక్ కొడితే స్టార్టయింది. వీధి చివరి మలుపులో యాక్సిలరేటర్ వదలగానే ఆఫ్. అప్పుడు చాలామంది చేసే పని, కార్బొరేటర్ (కార్బ్, అంటే పెట్రోలును గాలిలో కలిపి ఇంజిన్‌కు పంపే భాగం) క్లీనర్ డబ్బా కొని ఎక్కడ సందు దొరికితే అక్కడ కొట్టడం. సరుకు మంచిదే. అయితే నిన్నటిదాకా బాగా నడిచిన బండి సర్వీస్ అయిన రోజే ఆగుతోందంటే, కార్బ్‌లో చెత్త ఆ ఒక్కరోజులో పుట్టి ఉండదు. చేయి పెట్టిన చోటే ఏదో తేడా వచ్చి ఉంటుంది. అందుకే ఈ స్ప్రేని కార్బ్ కడగడానికంటే ముందు, తప్పు ఎటువైపు ఉందో పట్టుకోవడానికి వాడాలి. ఆ పనిలో దీనికి సాటి లేదు.

స్ప్లెండర్, ప్యాషన్, పాత షైన్ లాంటి కార్బ్ బళ్లకు ఈ పరీక్ష ఇలా. ప్లగ్ క్యాప్ గట్టిగా నొక్కి ఉందో లేదో చూసుకోండి. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, కార్బ్ వైపు వెళ్లే దారిలోకి అర సెకను చొప్పున రెండుసార్లు కొట్టండి. ఫిల్టర్, మూత తిరిగి పెట్టి కిక్ కొట్టండి. మూత పెట్టడం మరవొద్దు, బ్యాక్‌ఫైర్ అయితే మంట బయటికే వస్తుంది. ఇంజిన్ రెండు మూడు సెకన్లు నడిచి ఆగిపోతే కరెంటు బాగున్నట్టే, పెట్రోలు అందడం లేదు. అసలు ఉలుకూ పలుకూ లేకపోతే ప్లగ్, క్యాప్, కిల్ స్విచ్, ఎర్త్ వైరు వైపు వెళ్లాలి. రెండు నిమిషాల్లో సగం అనుమానాలు తీరిపోతాయి. డబ్బా ఖరీదు ఇక్కడే గిట్టుబాటవుతుంది.

పెట్రోలు అందడం లేదని తేలినా వెంటనే కార్బ్ విప్పకండి. ముందు ట్యాంకు కింది పెట్రోలు ట్యాప్ చూడండి, ట్యాంకు దించినప్పుడు ఆఫ్‌లో పెట్టి మరిచిపోవడం ఎంత పాతవాళ్లకైనా జరిగేదే. తర్వాత పెట్రోలు పైపు ట్యాంకు కింద మడత పడిందేమో చూడండి. బండి పది నిమిషాలు చక్కగా నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ స్టార్టవుతుంటే ట్యాంకు మూత తెరవండి. 'ఫుస్' మని గాలి లోపలికి పోయిందంటే, కడిగినప్పుడు మూతలోని గాలి రంధ్రం నీళ్లతోనో మట్టితోనో మూసుకుపోయింది. ఆ రంధ్రంలోకి స్ప్రే పుల్ల (డబ్బాతో వచ్చే సన్న గొట్టం) పెట్టి ఒక్కసారి కొడితే తెరుచుకుంటుంది. మూత మాత్రం ట్యాంకు మీద నుంచి తీసి, దూరంగా పెట్టి కొట్టాలి.

కార్బ్ కింద డ్రెయిన్ స్క్రూ విప్పి, బౌల్‌లోని (అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలోని) పెట్రోలును గాజు సీసాలో పట్టి రెండు నిమిషాలు కదపకుండా ఉంచండి. అడుగున వేరే పొర కనిపిస్తే నీళ్లు చేరాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోలులోని 20 శాతం ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి, పొర కొంచెమే కనిపించినా ట్యాంకు కూడా ఖాళీ చేయాల్సిందే. ఈ సమస్యకు స్ప్రే మందు కాదు.

ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు) మాత్రమే ఆగి, యాక్సిలరేటర్ పట్టుకుంటే నిలబడే బండి సంగతి వేరు. కారణాలు మూడు: స్లో జెట్ (ఐడిలింగ్‌కు పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోవడం, మిక్చర్ స్క్రూ (గాలి, పెట్రోలు పాళ్లు సర్దేది) కదలడం, కార్బ్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఎయిర్ లాగడం. ఎయిర్ ఫిల్టర్ కోసం కార్బ్ కదిపి ఉంటే మూడోదే ఎక్కువసార్లు దొరుకుతుంది. ఇన్సులేటర్ (ఆ రెంటి మధ్య దిమ్మ) దగ్గరి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు రింగు) పక్కకు జరగడమో, రెండు బోల్టుల్లో ఒకటి వదులుగా ఉండటమో జరిగి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఆ జాయింటు మీద క్లీనర్ కొట్టి చూడమని చాలామంది చెబుతారు. ఇంజిన్ చప్పుడు మారితే లీకు అక్కడే అన్నమాట. పద్ధతి నిజమే, కానీ స్ప్లెండర్ తరహా ఇంజిన్లలో సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది, కార్బ్ పైన, సైలెన్సర్ పైపు కింద. కొట్టిన క్లీనర్ కారి నేరుగా వేడి పైపు మీద పడుతుంది. బట్టల ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు కొట్టినా అదే జవాబు వస్తుంది, ఇంజిన్ తడబడుతుంది. మంట భయం లేదు, ఖర్చు లేదు. ఈ ఒక్క పరీక్షకు డబ్బా వాడకపోవడమే మంచిది.

మిక్చర్ స్క్రూ విషయంలో గందరగోళం ఎక్కువ. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిని సర్దుతుంది, బయటికి తిప్పితే పెట్రోలు వాటా తగ్గుతుంది. ఇంజిన్ వైపు ఉంటే పెట్రోలునే సర్దుతుంది, బయటికి తిప్పితే దాని వాటా పెరుగుతుంది. ఎటు తిప్పారో గుర్తులేకపోతే మెల్లగా లోపలికి ఆగేదాకా తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర నుంచి రెండు చుట్లు వెనక్కి తీసుకోండి. లోపల గట్టిగా బిగిస్తే మొన విరుగుతుంది, ఆ తర్వాత ఏ స్ప్రే ఏం చేయలేదు. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్ స్క్రూతో 1400 ఆర్‌పీఎం దగ్గర పెట్టి, మిక్చర్‌ను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, చప్పుడు ఎక్కువగా, నిలకడగా వినిపించే చోట ఆపండి.

ఇవన్నీ చూశాక కూడా ఆగుతుంటేనే స్ప్రే అసలు పని మొదలవుతుంది. కార్బ్ దించి, బౌల్ తీసి, ఫ్లోట్ (పెట్రోలు మీద తేలే బుడ్డ), నీడిల్ (అది కదిపే సూది), రెండు జెట్లు, మిక్చర్ స్క్రూ విప్పండి. విప్పేముందు ఆ స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో రాసుకోండి. దాని వెనకే సన్నని స్ప్రింగు, వాషరు, చిన్న ఓ-రింగ్ ఉంటాయి. స్క్రూ తీయగానే నేలమీద వెతుక్కునేది వాటినే, కాబట్టి కింద తెల్ల గుడ్డ పరచండి. రబ్బరు ముక్కలన్నీ పక్కన పెట్టాకే స్ప్రే తీయాలి. స్లో జెట్ దారిలో పుల్ల పెట్టి కొడితే స్లైడు (యాక్సిలరేటర్‌తో పైకి లేచే ముక్క) దగ్గరి చిన్న రంధ్రాల్లోంచి ధార రావాలి. రాకపోతే పది నిమిషాలు నాననిచ్చి మళ్లీ కొట్టండి. స్లో జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నం. పిన్నీసుతో పొడిస్తే సైజు మారిపోతుంది, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు చాలు. చివర్లో పంక్చర్ షాపులో గాలి కొట్టించండి. ఒక కార్బ్ మొత్తానికి 100 నుంచి 150 మి.లీ. సరిపోతుంది. ఎండి గట్టిపడిన పెట్రోలు జిగురును కరిగించడంలో బ్రష్షు, పెట్రోలు దీని దగ్గరికి రావు.

దీని చెడ్డ గుణం రబ్బరుతోనే. యూనికార్న్ 150, పాత యాక్టివా, కార్బ్ ఉన్న క్లాసిక్ 350 లాంటి వాటిలో కార్బ్ మూత కింద డయాఫ్రమ్ అనే పలుచని రబ్బరు పొర ఉంటుంది. దాని మీద క్లీనర్ పడితే ఉబ్బి గాడిలో కూర్చోదు. అప్పుడు బండి ఐడిల్‌లో బాగుండి, పికప్‌లో చచ్చిపోతుంది. మీరు బాగుచేయాలనుకున్న దానికంటే ఖరీదైన తప్పు ఇది. ఇలాంటి కార్బ్‌ను విప్పకుండా నోట్లోకి విచ్చలవిడిగా కొట్టవద్దు. ట్యాంకు పెయింటు కూడా దీనికి ఆగదు. కళ్లద్దాలు తప్పనిసరి, ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి మొహం మీదికి చిమ్ముతుంది.

ఈ డబ్బాతో సంబంధమే లేని కేసులూ ఉన్నాయి. న్యూట్రల్‌లో నడిచి, గేరు వేయగానే ఆగితే సైడ్ స్టాండ్ స్విచ్ చూడండి, కొత్త బళ్లలో చెయిన్ స్ప్రే, మట్టి కలిసి అక్కడే పేరుకుంటాయి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక ఆగితే, టాపెట్లు (వాల్వుల సందు సర్దే స్క్రూలు) ముట్టుకున్నారా? బిగుతుగా పెడితే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ఫ్లైవీల్ మీది టి గుర్తు కలిపి, మాన్యువల్లో ఉన్న కొలత ఫీలర్‌తోనే (సందు కొలిచే పలుచని రేకుతోనే) పెట్టాలి. ప్లగ్ మారిస్తే గ్యాప్ (మొన దగ్గరి సందు) చూడండి; ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర -9 అని ఉంటే అది 0.9 మి.మీ. ఆయిల్ ఎక్కువ పోస్తే బ్రీదర్ (ఇంజిన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి చేరి తెల్లపొగతో ఆగుతుంది. స్ప్లెండర్‌లో డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి, తిప్పి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ ఆయిల్ చూపిస్తుంది. జిగురు పూసిన పేపర్ ఫిల్టర్‌ను కడిగినా, గాలి కొట్టినా పాడైనట్టే, మార్చుకోవాల్సిందే.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్లలో ఎక్కువ భాగానికి కార్బ్ లేదు. వాటికి ఈ డబ్బా కొనకండి, వాటిలో గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకి వేరే క్లీనర్ ఉంది. సర్వీస్ తర్వాత ఇంజెక్షన్ బండి ఆగితే బ్యాటరీ టెర్మినల్ బిగువు, సీటు కింద తీసి పెట్టిన కనెక్టర్లు, మీటర్లో వెలిగే ఇంజిన్ లైటు, ఈ వరుసలో చూడండి.

కొనేటప్పుడు లేబుల్ మీద 'కార్బొరేటర్' అనే మాట ఉందో లేదో చదవండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేనీ, ట్యాంకులో పోసే చిన్న సీసానీ దీని బదులు అంటగట్టే షాపులున్నాయి. పుల్ల విడిగా ఇస్తారు, ఆ రోజే రబ్బరు బ్యాండుతో డబ్బాకు కట్టేయండి, అది పోతే డబ్బా సగం వృథా. 5కి 3.5 ఇవ్వొచ్చు, ఆ తగ్గించిన ఒకటిన్నర రబ్బరుకీ మంటకీ. 50 డిగ్రీలు దాటే చోట ఉంచొద్దని డబ్బా మీదే ఉంటుంది, అంటే రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీ దీనికి చోటు కాదు.