హన్మకొండల జర్మన్ క్లాసు: ఊబర్ మాటకే నాకు పైసా వసూల్

నర్సింగ్ అయిపోయినంక జర్మనీ పోదామని నయీంనగర్ల ఒక మేడం ఇంటికాడ చెప్పే ఎ1 (జర్మన్ల మొట్టమొదటి మెట్టు) క్లాసుకు రెండు నెల్లు పోయిన, మా దోస్తులు ఎట్లుంది ఎట్లుంది అని రోజూ అడుగుతున్నరు గదా, అందుకే రాస్తున్న.

మూడో వారంల మా బ్యాచ్ పిల్లగాడొకడు మేడం రాసిన వాక్యం చూసి "ఊబర్ గుట్ మేడం" అన్నడు, గుట్ అంటే మంచిది. ఇంగ్లిష్ల ఊబర్ కూల్, ఊబర్ రిచ్ అంటే మస్తు అనే గదా, ఆ మాట జర్మన్ నుంచే వచ్చింది గదా అని వాని లెక్క. మేడం కోప్పడలే, ఆనాటి గ్రామర్ పక్కకు పెట్టి గంటసేపు గా ఒక్క మాట మీదనే చెప్పింది.

జర్మన్ల ఆ మొదటి అక్షరం మీద రెండు చుక్కలుంటయి, పెదవులు ఊ అన్నట్టు గుండ్రంగ పెట్టి లోపల ఈ అనాలె. నాకు వారం పట్టింది. క్యాబ్ కంపెనీ పేర్ల ఆ చుక్కలు లేవు, 2009ల ఊబర్‌క్యాబ్ అని మొదలైంది అది.

అసలు అర్థం మీద, పైన అనే. మంచం పైన ఫ్యాను తిరుగుతుంది అన్నా ఊబరే, నూటికి పైన మంది వచ్చిండ్రు అన్నా ఊబరే, బతుకమ్మ మీద మాట్లాడుకున్నం అన్నా ఊబరే, అంటే మన మీద, పైన చేసే పన్లన్నీ అదే చేస్తది, కాకపోతే పుస్తకం టేబుల్‌కు తగిలి ఉంటే మాత్రం ఔఫ్ అనాలె. మోర్గెన్ అంటే రేపు, ఊబర్‌మోర్గెన్ అంటే ఎల్లుండి, ఇంగ్లిష్ల దీనికి నాలుగు మాటలు కావాలె, మనకు వాళ్లకు ఒక్కటి చాలు! ఊబర్‌ట్రైబెన్ అంటే మనం "ఓవర్ చేయకురా" అంటం చూడు, అచ్చం గదే. ఇంకోటి చెప్పింది, నాకైతే ఒళ్లు జలదరించింది, ఉపరితలంల ఉన్న ఉపరి, సూపర్, ఓవర్, ఊబర్ అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవేనంట.

మరి మస్తు అనే అర్థం ఎట్లొచ్చింది అంటే, నీషే అనే జర్మన్ తత్వవేత్త 1880లల ఊబర్‌మెన్ష్ అని రాసిండు, మామూలు మనిషిని దాటినోడు అని, ఆ మాట ఇంగ్లిష్లకు పోయినంక అక్కడ ముందలి ముక్క విడిపోయి దేనికి పడితే దానికి తగిలింది. జర్మన్లు బాగుందని చెప్పాలంటే మామూలుగ జేర్ గుట్ అంటరు, లేకపోతే మన లెక్కనే సూపర్ అంటరు. మన మస్తు గూడ గంతే గదా, పారసీల మత్తెక్కినోన్ని అనే మాట, ఉర్దూ మీదికెళ్లి మన దగ్గరికొచ్చి "మస్తు ఎండ" అయింది.

గిట్ల మన మాటల నుంచే చెప్తది గాబట్టి నాకు ఒక్క పదం గూడ మర్చిపోబుద్ధి కాలే. నచ్చనిది ఒక్కటే, రూం చిన్నది, ఇరవై మంది పైన కూసుంటరు, మాట్లాడే వంతు రోజుకు ఒక్కసారే వస్తది, వినే ప్రాక్టీస్ ఇంటికాడ ఫోన్ల మనమే చేసుకోవాలె. పొద్దుగాల 7 గంటల బ్యాచ్‌కు పోండ్రి, సాయంత్రం కంటే మంది తక్కువుంటరు, ఐదు నిమిషాలు ముందుగాల పోతే ముందల బెంచి దొరుకుతది.